మూడు మంగళవారాల సంతకాలు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే, ఎన్ని, లెక్కపెట్టిందెవరు అని అడిగే మనిషిని నేను. ఉద్యోగమంతా గణాంక శాఖలో చేశాను. ఆ ప్రశ్న ఇప్పటికీ మార్చుకోలేదు. అందుకే ఇది రాయడం కష్టంగా ఉంది.

రిటైరయ్యాక ఒక విశ్వవిద్యాలయం వాళ్లు సర్వే పని ఇచ్చారు. రూపనగుడి దాటాక ఒక ట్రస్టు నడిపే సంస్కరణ గృహం ఉంది. కోర్టు పంపిన ఆడవాళ్లు అక్కడ ఉంటారు. సర్కారు హోములో అడిగిన ప్రశ్నలే అక్కడా అడిగి, రెండింటినీ పోల్చాలి. అడిగేటప్పుడు సిబ్బంది దగ్గర ఉండకూడదు. ప్రతి జవాబునూ రిజిస్టరుతో సరిచూడాలి.

నేను మొదటిసారి వెళ్లింది గురువారం, ఉదయం పది ఇరవైకి. నేను ప్రశ్నలడిగినవాళ్లలో తొమ్మిదో మనిషి హులిగెమ్మ. నలభై దాటి ఉంటాయి. నిన్ను చూడ్డానికి ఎవరొస్తారని అడిగాను. ఆమె నా ముఖంలోకి చూసి నవ్వింది.

"నువ్వే గదక్కా. మూడు మంగళవారాలు వచ్చినావు. ఈ పొద్దేంది, ఎరగనట్లు అడుగుతాండావు?"

మతి చలించిందేమో అనుకుని, చూడ్డానికి వచ్చినవాళ్లు సంతకం పెట్టే రిజిస్టరు తెప్పించాను. మూడు సంతకాలు. మూడూ నావే. తేదీ అంకెల మధ్య నేను గీత పెట్టను, చుక్క పెడతాను. అక్కడా చుక్కలే ఉన్నాయి. బంధుత్వం గడిలో 'అక్క' అని ఉంది.

గుమాస్తాను పిలిచి, ఇక్కడికొచ్చింది ఎవరప్పా అని అడిగాను.

"మీరే గదమ్మా. మా గడియారం ఆరు నిమిషాలు వెనకుండాదని మూడుసార్లూ చెప్తిరి."

నా చేతి గడియారంతో సరిచూశాను. ఆరు నిమిషాలే.

ఇంటికొచ్చి డైరీ తీశాను. ఆ మూడు మంగళవారాల్లోనూ ఒకే మాట రాసి ఉంది: 'ఇంట్లోనే ఉన్నాను. ఎవరూ రాలేదు.'

సొంతవాళ్లు నాలుగుసార్లు వచ్చి చూస్తేనే అక్కడి నుంచి పంపుతారు. హులిగెమ్మ ఫైలులో ఇంకెవరి పేరూ లేదు. ఆ సంతకాలు నావి కావంటే ఆమె అక్కడే ఉండిపోతుంది. నావే అంటే, సర్వీసులో ఎన్నడూ చేయని పని, తెలిసి తెలిసి తప్పు లెక్కను ఒప్పుకోవడం, చేసినదాన్నవుతాను.

రెండు రోజులు ఆలోచించాను. తర్వాత విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాశాను. తొమ్మిదో మనిషి జవాబుల కాగితాన్ని లెక్కలోంచి తీసేయండి, అడిగిన మనిషి ఆమెకు బంధువు అని.

తర్వాతి మంగళవారం వెళ్లాను. హులిగెమ్మ తన ఊరు బండ్రిలో ఉన్న పొలం గురించి, చచ్చిపోయిన ఎద్దు గురించి గంటసేపు చెప్పింది. ఇన్నేళ్లలో నాతో ఎవరూ అంతసేపు మాట్లాడలేదు.

ఆమెను పంపించేశారు. రిజిస్టరులో నాలుగో సంతకం నేనే పెట్టాను. భూతద్దం పెట్టి చూశాను. మొదటి మూడింటికీ దానికీ తేడా ఎక్కడుందో నాకు ఇప్పటికీ దొరకలేదు.