ప్రింటు రాని మెయిల్

నేను దయ్యాలను నమ్మను. మా నాన్న సర్కారు దవాఖానలో, శవాల గదిలో, ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు ఆయనకు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తీసుకెళ్లింది నేనే. వరసగా పడుకోబెట్టిన శవాల పక్కనే నిలబడి, ఆయన తినేదాకా ఆగి, ఖాళీ డబ్బాతో ఇంటికొచ్చేదాన్ని. ఒక్క రాత్రి కూడా పీడకల రాలేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నేను తేలిగ్గా బెదిరే మనిషిని కాదు.

ఎనుమాముల పత్తి మార్కెట్ దాటాక, పత్తి నుంచి గింజలు తీసే ఒక జిన్నింగ్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ పని చేసేదాన్ని. అక్కడ పత్తిని బేళ్లుగా నొక్కే ప్రెస్సు ఉంది. దాని తలుపుకు ఒక స్విచ్ ఉంటుంది. తలుపు తెరిస్తే యంత్రం కదలకుండా ఆపేది అదే. పోయిన సీజన్‌లో ఆ స్విచ్ పాడై ప్రెస్సు మాటిమాటికీ ఆగిపోయేది. ప్రెస్సు దగ్గర పనిచేసే కొమురయ్య రెండుసార్లు వచ్చి మేనేజర్‌కు చెప్పాడు. రఘునాథపల్లి మనిషి, యాభై దాటినవాడు.

ఒకరోజు మేనేజర్ నన్ను పిలిచి సూపర్‌వైజర్‌కు మెయిల్ కొట్టమన్నాడు. స్విచ్ వైర్లు కలిపేసి ప్రెస్సు నడపాలి, రిజిస్టర్‌లో రాయొద్దు, పత్తి రాక తగ్గాక చూద్దాం. ఇదీ సంగతి. వైర్లు అలా కలిపితే తలుపు తెరిచినా ప్రెస్సు ఆగదు. మాట బయటికి పొక్కకూడదన్నాడు. అందుకున్నవాళ్లు ఫార్వర్డ్ చేయలేకుండా, కాపీ కొట్టలేకుండా, ప్రింటు తీయలేకుండా, వారం తర్వాత అసలు తెరుచుకోకుండా మెయిల్ పంపవచ్చని అంతకు నెల ముందు ఆయనకు చూపించింది నేనే. అలాగే పంపాను.

బయటికి వచ్చేసరికి కొమురయ్య వరండాలో నిలబడి ఉన్నాడు.

"సారు ఏమన్నడు బిడ్డా? స్విచ్చు చేపిస్తాండా?"

"చేపిస్తడంట కాకా" అన్నాను.

రెండు రోజుల తర్వాత, పొద్దున పదిన్నరకు, లోపల ఇరుక్కున్న పత్తి లాగడానికి కొమురయ్య ప్రెస్సు తలుపు తెరిచి చేతులు పెట్టాడు. ప్రెస్సు మళ్లీ ఆగకుండా నడుస్తుంటే స్విచ్ బాగైందనుకున్నాడు. నా మాట నమ్మాడు.

ఒక్కటే కేక వినిపించింది. నేను పరుగెత్తి వెళ్లేసరికి రెండు చేతులూ, ఛాతీ పైభాగమూ లోపలే నలిగి ఉన్నాయి. ప్రెస్సును వెనక్కి తీస్తుంటే ఎముకలు విరుగుతున్న చప్పుడు స్పష్టంగా వినబడింది. తెల్ల పత్తి నెత్తుటిని పీల్చుకుంటూ ఎర్రబడిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాడు. దవాఖానకు చేరకముందే ప్రాణం పోయింది.

ఆ సాయంత్రమే మేనేజర్ నా చేతే ఆ మెయిల్ ఇక ఎవరికీ తెరుచుకోకుండా చేయించాడు. నా కంప్యూటర్‌లోనూ జాడ లేకుండా తీసేయమన్నాడు. తీసేశాను. తలుపు తెరిచి చేతులు పెట్టడం కొమురయ్య తప్పేనని పోలీసులకు చెప్పాడు. పక్కనే ఉండి నేను నోరు మెదపలేదు.

మర్నాడు పోస్టుమార్టం అయ్యాక చుట్టాలు శవాన్ని నేరుగా మిల్లు గేటు ముందుకు తెచ్చారు. నలభై మంది దాకా ఉంటారు. ముందు రాళ్లు పడ్డాయి. తర్వాత గేటు విరిగింది. అడ్డం వెళ్లిన వాచ్‌మన్‌ను ఇనుప రాడ్డుతో కొట్టారు, అతని చేయి మోచేతి దగ్గర విరిగి వేలాడింది. మేనేజర్, సూపర్‌వైజర్ లోపలి గదిలోకి వెళ్లి గొళ్లెం పెట్టుకున్నారు. నేను టేబుల్ కింద దూరాను. అద్దం పెంకు నుదుటికి తగిలి ఒక కంట్లోకి రక్తం కారుతోంది.

కొమురయ్య భార్య యాకమ్మ లోపలికి వచ్చింది. మగవాళ్లు ఆమెకు దారి వదిలారు. గుప్పిట్లో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది.

"గిదేందో సదువు బిడ్డా. ఆయన బట్టల మూటల, అంగి జేబుల దొరికింది."

విప్పాను. ఆ మెయిలే. నా పేరు, తేదీ, టైము, ఇంగ్లీషులో నేను కొట్టిన ప్రతి మాటా ఉంది. కొమురయ్య అంగి రక్తంతో ఒంటికి అంటుకుపోయి కత్తిరించి తీయాల్సి వచ్చిందని తర్వాత తెలిసింది. ఆ కాగితం మీద చుక్క మరక లేదు.

అంతకంటే వింత, చివరి లైను. మెయిల్ కొడుతున్నప్పుడు ఆఖరున నా అంతట నేను ఒక మాట చేర్చాను. "ఇట్లా నడిపితే కొమురయ్య చచ్చిపోతాడు సార్" అని. ఉద్యోగం పోతుందని భయపడి, పంపకముందే చెరిపేశాను. ఎవరికీ చూపలేదు, చెప్పలేదు. ఆ లైను కాగితం మీద ఉంది.

గొళ్లెం పెట్టిన తలుపు వెనక నుంచి మేనేజర్ గొంతు వినిపించింది. ఉత్త కాగితమని చెప్పమంటున్నాడు.

నేను గట్టిగా చదివాను. తెలుగులో, అందరికీ వినబడేలా, చివరి లైనుతో సహా.

"నీకు ఎర్కేనా?" అంది యాకమ్మ.

"ఎర్కే."

చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. పెదవి చిట్లింది. నేను చేయి అడ్డం పెట్టలేదు. ఆమె వెనక మగవాళ్లు లోపలి తలుపు పగలగొట్టి మేనేజర్‌ను జుట్టు పట్టి ఈడ్చుకుపోయారు. దవడ విరగ్గొట్టి, రెండు చేతులూ ప్రెస్సులోకి తోశారు. మోటరు వేయమని ఎవరో అంటున్నారు. ఒకడి చేయి మీట మీద ఉండగా పోలీసులు వచ్చారు.

నాకు తెలిసిందంతా పోలీసులకు చెప్పేశాను. ఉద్యోగం పోయింది. మేనేజర్ మీదా సూపర్‌వైజర్ మీదా కేసు నడుస్తోంది. కంప్యూటర్లు చూడటానికి వచ్చినవాళ్లు, అలా పంపిన మెయిల్‌కు ప్రింటు రాదన్నారు. సూపర్‌వైజర్ ఫోన్‌లో ఫొటో తీసి ఉంటాడని కొందరంటారు. తీసినా, నేను చెరిపేసిన లైను అందులో ఎలా ఉంటుంది?

నాన్న తను పనిచేసిన శవాల గదికి వెళ్లి, కొమురయ్య బట్టలు తీసిన మనిషిని అడిగి వచ్చాడు. జేబులో బీడీ కట్ట, దువ్వెన మాత్రమే ఉన్నాయట. అవి రాసి, మూట కట్టి, యాకమ్మ వేలిముద్ర తీసుకుని ఆమె చేతికే ఇచ్చారట. కాగితం లేదు. ఈ సంగతి చెప్పిన పూట నాన్న అన్నం ముట్టలేదు.

తర్వాత నేను రఘునాథపల్లి వెళ్లాను. యాకమ్మ నన్ను లోపలికి పిలవలేదు, పొమ్మనీ అనలేదు. ఆ కాగితం ఎవరు పెట్టి ఉంటారని అడిగాను. చేటలో బియ్యం ఏరుతూనే చెప్పింది.

"ఆయనకు సదువు రాదు, నాకు రాదు. నీకొస్తది. అందుకే నీతోని సదివిపిచ్చిండు."

ఆమెకు అందులో అనుమానం లేదు. నేను అంతదాకా నమ్మలేను. ఆ లైను చెరిపేశానన్నది మాత్రం కచ్చితంగా తెలుసు. ఒక్కొక్క అక్షరమే వెనక్కి పోవడం నా కళ్లతో చూశాను. మళ్లీ ఎలా వచ్చిందో నాకు తెలియదు.