ఎర్ర నోటితో డెమో క్లాసు

భయం వేస్తే అందరికీ చెమటలు పడతాయి. నాకు మాత్రం నోరు పొక్కేది. పదో తరగతి పరీక్షలకు పొక్కింది, బీఈడీ ప్రవేశ పరీక్షకు పొక్కింది, చివరికి మా అక్క పెళ్ళికి కూడా పొక్కింది (పెళ్ళి ఆమెది, భయం నాది!). అలాంటిది జనగామలో ఒక ప్రైవేటు బడి వాళ్ళు డెమో క్లాసుకు రమ్మంటే ఊరుకుంటుందా? నాలుక చివర రెండు, కింది పెదవి లోపల మూడు పుండ్లు లేచాయి. అప్పటికే రెండు బళ్ళు నన్ను వద్దన్నాయి. ఇదీ పోతే ఆ ఏడాదంతా ఇంట్లో కూర్చోవడమే.

మా నాయినమ్మకు ఆకు, వక్క, నోరు ఎర్రగా పండించే కాచు ఉన్న సంచి నడుముకు లేనిదే పొద్దు గడవదు. "దవాఖాన ఎందుకే పిల్లా, కాచు నూరి నెయ్యిల కలిపి పెడ్త, సల్లగుంటది," అంటూ పొద్దున్నే నా నోరు తెరిపించి దట్టంగా పూసింది. నిజంగానే చల్లబడింది. పాలకుర్తిలో ఆటో ఎక్కి, దారంతా పాఠం వల్లె వేసుకున్నాను. అద్దం మాత్రం చూసుకోలేదు.

బడి గేటు మీద 'పాన్ ఉమ్మరాదు' అన్న బోర్డు. దాని కిందే పెద్దసారు. నమస్కారం పెట్టి, బాగా కనిపించాలని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాను. ఆయన ముఖం మాడిపోయింది. "అమ్మా, మొదలు ఉమ్మేసి రా. తర్వాత లోపలికి," అన్నాడు. మందు అని చెప్పబోతే నాలుక తిరగలేదు, రెండు ఎర్రటి చుక్కలు మాత్రం చున్నీ మీద పడ్డాయి. పిలిచినందుకు తప్పదన్నట్టు నన్ను ఐదో తరగతిలోకి పంపి, వెనక బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

పాఠం 'మొక్కలు, వాటి ఉపయోగాలు'. ఆ పేరు బోర్డు మీద రాసి, ఇటు తిరిగి నోరు తెరిచాను. మాట రాలేదు. ముందు బెంచీ పిల్ల లేచి, "టీచర్, నోరు పొక్కిందా? మా అమ్మమ్మ గూడ గిట్లనే కాచు నెయ్యిల కలిపి పెడ్తది," అంది. తల ఊపాను. అంతే, క్లాసంతా వైద్యులైపోయారు. "జామాకులు నమలుండ్రి టీచర్!" "ఎండు కొబ్బరి నమిలి నోట్లనే ఉంచుకోవాలె!" "మా బాపు తులసాకు తింటడు!" ఎవరు ఏ మొక్క చెబితే దాన్ని రాసి, ఉపయోగం చెప్పమని సుద్దముక్కతో చూపించడమే నా పని. ఒకడు మజ్జిగ అంటే, "అది మొక్క గాదు గదరా!" అని వాళ్ళే సరిదిద్దారు. బెల్లు కొట్టేసరికి బోర్డు నిండిపోయింది.

పెద్దసారు లేచాడు. "పాఠం నువ్వు చెప్పినవా, వాళ్ళు చెప్పిండ్రా?" ఈ బడీ పోయిందనుకుని సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికి నడిచాను. ఆయన వరండాలోకి వచ్చి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గా కాచు నెయ్యిలనే కలపాల్నా, తేనెల గూడ కలపచ్చా బిడ్డా? నాలుగు దినాల సంది కారం ముట్టలేకపోతున్న. సోమవారం నుంచి రా. వచ్చేటప్పుడు జరంత పట్టుకరా."

నాయినమ్మ ఇప్పుడు లేదు. ఆమె సంచి నా బీరువాలో ఉంది, తెరిస్తే ఇంకా కాచు వాసన వస్తుంది, ఏడుపూ వస్తుంది. నాకు భయం పోయింది, నోరు పొక్కడమూ మానేసింది. పిల్లలు ఆవలిస్తున్నా పట్టించుకోకుండా గంటసేపు చెప్పేస్తుంటాను. అప్పుడప్పుడూ ఆనాటి నేను, ఆ ఎర్ర నోటి పిల్ల, గుర్తొచ్చి నవ్వొస్తుంది, ఆమె మీద కాస్త అసూయ కూడా కలుగుతుంది. అప్పుడు నోరు మూసుకుని, బోర్డు పక్కకు జరిగి, సుద్దముక్కతో పిల్లల వైపు చూపిస్తాను.