ఉరకని జింక

ఎల్బీనగర్ దాటాక ఉన్న అడవి ఆ ఎండాకాలం తగలబడింది. తొలకరి పడగానే నల్లటి నేల మీద లేత గడ్డి లేచింది. కాలిన చోట మొలిచిన గడ్డికి జింకలు తప్పక వస్తాయని మా మేనమామ నన్ను వెంటేసుకుని దిల్‌సుఖ్‌నగర్ నుంచి బయలుదేరాడు. పొలమంతా ప్లాట్లకు అమ్ముకున్నాక ఆయనకు మిగిలినవి నాటు తుపాకీ, వేటగాడన్న పేరు.

నడిచి నడిచి కాళ్ళు పీక్కుపోయాయి. మసి అంటుకుని ఇద్దరం బొగ్గు బస్తాల్లా తయారయ్యాం.

"మామా, మనల్ని చూస్తే జింక భయంతోనే సస్తది. తూటా మిగులుతది."

"సప్పుడు చెయ్యకురా అల్లుడా. బడి ఇడిసినోనివి, నోరు మాత్రం హెడ్మాస్టర్ లెక్క."

కాలిన మోడుల మధ్య జింక కనిపించింది. మా ఇంటి వేటకు ఒక కట్టుబాటు ఉంది. మేస్తున్న జింకను కాల్చకూడదు, అదిలించి, ఉరికేటప్పుడే కాల్చాలి. మామ తుపాకీ ఎత్తి "హుష్" అన్నాడు. జింక తలెత్తి చూసి, మళ్ళీ గడ్డిలో మూతి పెట్టింది. మామ అరిచాడు. పొద్దంతా కాలనీలకు కంకర మోసే లారీల మోత విని విని, అది ఆయన గొంతును లెక్కే చేయలేదు.

"కొట్టు మామా, ఎవలు చూస్తున్రు?"

"నేను చూస్తున్న గదరా! దొడ్ల కట్టేసిన మేకను కోసినట్లు, గిదేం వేట?"

తుపాకీ దించి మసిలోనే కూలబడ్డాడు.

"ఇగ నన్ను చూసి ఉరికేటియి ఏం లేవురా."

నేనూ పోయి ఆయన పక్కనే మసిలో కూర్చున్నాను. జింక మేస్తూనే ఉంది. చివరికి మేమే లేచి వెళ్ళిపోయాం.