ఆగిన ఉల్లివేళ్లు

వెనిగర్ సీసా మూత తీస్తే మా ఆవిడకు పచ్చడి గుర్తొస్తుంది, నాకు శారద మేడం. చంద్రపూర్‌లో మా కాలేజీ జీవశాస్త్రం ల్యాబు నిండా ఆ పుల్లని వాసనే. మేడం ఉల్లివేళ్ల కొసలను వెనిగర్ ఆమ్లం కలిసిన ఘాటైన ఎర్రరంగులో నానబెట్టి, స్పిరిట్ దీపం మీద వెచ్చచేసి, గాజుపలకల మధ్య బొటనవేలితో నొక్కేది. ఆ వేలు ఎప్పుడూ ఎర్రగానే ఉండేది. పెళ్లినాడు ఆమెకు గోరింటాకు అక్కర్లేకపోయిందని ఊరంతా చాటింది నేనే. అది మాత్రం నా కల్పన.

అవి ప్రతి గోడ మీదా కంప్యూటర్ క్లాసుల ప్రకటనలు మొలుస్తున్న రోజులు. మా ప్రిన్సిపాల్ కన్ను ల్యాబు గది మీద పడింది. సైన్స్ ప్రదర్శనలో బహుమతి వస్తే సరి, లేకపోతే ఆ గదిలో కంప్యూటర్లు దిగుతాయన్నారు. డీఎన్ఏ దెబ్బతింటే కణం ఏం చేస్తుందో చూపిద్దామని మేడం పత్తికి కొట్టే మందును నీళ్లలో పలచగా కలిపి, ఉల్లివేళ్లను అందులో ఉంచింది. విరిగిన క్రోమోజోములు కుప్పలుగా కనిపిస్తాయని నేను ముందే దండోరా వేశాను. తీరా సూక్ష్మదర్శినిలో చూస్తే, రెండుగా చీలుతున్న కణం ఒక్కటీ దొరకలేదు.

“పాయె మేడం. ఇగ గది గూడ పాయె,” అన్నాను.

“ఆగురా, గింత తొందరేంది? మా నాయిన మాజ్రి బొగ్గుబావిల సర్దారు. మందిని లోపలికి తోలే ముందు కర్రతోని పైకప్పు తట్టి చూస్తుండె. బోలు చప్పుడొస్తే ఏం చేస్తడు?”

“అందర్ని ఆపుతడు.”

“దుంగలు ఆనిచ్చినంక పంపుతడు. కప్పు నిలవకపోతే ఆ జాగనే మూసేస్తడు. కణం గూడ గంతే. డీఎన్ఏ తెగిందంటే చీలుడు ఆపి బాగుచేసుకుంటది. బాగుకాకపోతే తనంతల తనే సస్తది. గిప్పుడు గవి మరమ్మతుల ఉన్నయి.”

ఆ వేళ్లలో సగాన్ని ఆమె మంచినీళ్లలోకి మార్చింది.

ప్రదర్శనలో పరీక్షకుడు మందులో ఉన్న వేళ్ల స్లైడు చూసి, ఇందులో ఏమీ జరగడం లేదని మరాఠీలో పెదవి విరిచాడు. మేడం మంచినీళ్లకు మార్చిన వేళ్ల స్లైడు పెట్టింది. అక్కడ కణాలు మళ్లీ చీలుతున్నాయి. ఒకదానిలో క్రోమోజోము ముక్క విడిగా పడి ఉంది. ఇదేమిటని అడిగాడాయన. మేడం తన తండ్రి పైకప్పు తట్టే సంగతీ, ఆగిన కణాల సంగతీ చెప్పింది. “సర్దారు కళ్లుగప్పి లోపలికి పోయినవాడు సార్,” అంది మేడం, ఆయన మరాఠీలోనే. ఆయన నవ్వాడు. మాకు రెండో బహుమతి వచ్చింది, గది మిగిలింది. ఆయన టోపీ తీసి ఆమెకు సలాం కొట్టాడని నేను అందరికీ చెబుతుంటాను. నిజానికి ఆయనకు టోపీయే లేదు.

ఎన్ని కోతలు కోసినా, ఆమె దగ్గర నేర్చిన ఓపిక మాత్రం కోత కాదు. నిరుడు మా అమ్మాయి పరీక్ష తప్పి, పుస్తకాలు మూసి గదిలో కూర్చుంది. పిల్ల చెడిపోయిందన్నారు చుట్టాలు. నేను కంచంలో అన్నం పెట్టి లోపలికి పంపాను, ఆ గది తలుపు ఎవరినీ కొట్టనివ్వలేదు. వానలు మొదలయ్యాక తనే బయటికొచ్చి, కాలేజీకి బస్సు ఎన్నింటికని అడిగింది.