పిస్తా ఒంటి మీద పిస్సులు

గౌలిపురలో మా గల్లీ ఆడవాళ్లు మామూలు మనుషులు కారు. పేరంటానికి వచ్చి కూర్చున్నారంటే చీర కుచ్చిళ్లు కూడా వాళ్లని అడిగే కదులుతాయి. అంతటి వాళ్లు ఒక శ్రావణ శుక్రవారం నాడు మా ఇంట్లో పట్టుచీరలతో కూర్చుని, ఒకరికి తెలియకుండా ఒకరు కాళ్లు గోక్కున్నారు. ఆ ఘనత నాదే. ఎలా సాధించానో చెబుతాను, కాస్త దూరంగా కూర్చుని వినండి.

పెళ్లయిన కొత్తలో మాట. పుట్టింటి నుంచి నేను తెచ్చుకున్నవాటిలో అందరూ మెచ్చుకున్నది బీరువా, ఎవరూ మెచ్చనిది పిస్తా. పిస్తా అంటే మా కుక్క, తెల్లటి పొమేరియన్. చంకలో ఇమిడిపోయేంత ఉంటాడు గానీ మొరిగితే లారీ హారన్. మా అత్తగారిది పాలు అమ్మే ఇల్లు, వెనక గల్లీలోనే బర్రెల కొట్టం.

"మాకు అన్నం పెట్టే బర్రెలే బయట పంటయి. గీ కుక్క ఇంట్ల పండుడేంది?" అని అత్తమ్మ మొదటిరోజే అడిగింది. మా ఆయన మహేశ్ బతిమాలగా బతిమాలగా షరతు మీద ఒప్పుకుంది. "వరండల గోనెసంచి మీద పండనీ. ఇంట్ల పురుగో బొచ్చో కనపడ్డదనుకో, మీ అమ్మగారింట్ల దించి రావాలె."

నేను తలూపాను. తలూపడంలో కొత్త కోడళ్లను మించినవాళ్లు లేరు.

కొన్నాళ్లకు పిస్తాను దువ్వుతుంటే పొట్ట దగ్గర నల్లటి నలుసు కనిపించింది. గోటితో తీయబోతే ఎగిరి నా ముక్కు పక్కనుంచి పోయింది. మహేశ్‌ని కేకేశాను.

"ఇగో, జర ఇటు రా. పిస్తా ఒంటి మీద నల్లగ ఏందో ఉంది. పట్టుకుంటే ఎగిరింది."

మహేశ్ తొంగిచూసి, "పిస్సు" అన్నాడు.

"పిస్తా! ఎన్నిసార్లు చెప్పాలె వాని పేరు?"

"పేరు కాదే, పురుగు. పిస్సు అంటే కుక్కల పేను. ఎగురుతది, కుడుతది."

నా గుండె పిస్సు కన్నా ఎత్తుకు ఎగిరింది. "అత్తమ్మకు తెలిస్తే?"

"తెలిస్తే గింకేముంది, పిస్తా బండెక్కుతడు."

"డాక్టర్ దగ్గరికి తీస్కపోదాం పా."

"ఎందుకు తీస్కపోతున్నరని అమ్మ అడగదా? ఫికర్ చెయ్యకు. బకెట్ నిండ వేపాకు నీళ్లు పెట్టి తానం చేపియ్యి, సాఫ్ అయితది."

ఈ వైద్యం చెప్పిన మనిషి అఫ్జల్‌గంజ్‌లో ప్లాస్టిక్ బకెట్లు అమ్ముతాడు. బకెట్లు అమ్మేవాడికి బకెట్‌తో నయం కాని రోగం ఉండదని నాకు అప్పుడు తట్టలేదు.

ఆ మర్నాటి నుంచి అత్తమ్మ పాలు పోయడానికి బయటికి వెళ్లగానే నేను వేపాకు ఉడకబెట్టడం, పిస్తాను మిద్దె మీద బాత్‌రూమ్‌లో ముంచడం. వాడు నన్ను చూసిన చూపులు తలచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు. సాయంత్రం ట్యూషన్ చెప్పడానికి వెళ్లి వచ్చేసరికి వాడు మళ్లీ తడిగా ఉండేవాడు! పైగా కుంకుడుకాయల వాసన.

"వీడు తడిసిండేంది అత్తమ్మా?"

"బర్రెల తొట్టిల పడ్డడు" అనేది అత్తమ్మ, నా మొహం చూడకుండా.

నేను నమ్మాను. ఒక కుక్క రోజూ అదే తొట్టిలో, అదీ కుంకుడుకాయలున్న తొట్టిలో, ఎందుకు పడుతుందని ఆలోచించే తెలివి నాకుంటే ఈ కథే ఉండేది కాదు.

ఇన్ని స్నానాలకీ పిస్సులు తగ్గలేదు సరికదా, మాకే దద్దుర్లు మొదలయ్యాయి. అత్తమ్మ మడమ గోక్కుంటూ, "మూసీ దిక్కు నుంచి వస్తున్నయి దోమలు" అనేది. నేను మోచెయ్యి గోక్కుంటూ, "అవునత్తమ్మా, మస్తు దోమలు" అనేదాన్ని. అత్తాకోడళ్లం అంత ఏకాభిప్రాయంతో మాట్లాడుకోవడం చూసి మామ పేపర్ పక్కనపెట్టి మరీ ఆశ్చర్యపోయాడు.

ఇంతలో ఆ శుక్రవారం వచ్చింది. కొత్త కోడలిని గల్లీకంతటికీ చూపించడానికి అత్తమ్మ పెట్టుకున్న పేరంటం. వచ్చినవాళ్ల మధ్యకు పిస్తా ఒక్క పిస్సును మోసుకొచ్చినా వాడి పని అయిపోయినట్టే. అందుకని పొద్దున్నే వేపాకు, పసుపు కలిపి నూరి, చెవుల నుంచి తోక దాకా దట్టంగా పట్టించాను. గోంగూర పచ్చడిలో దొర్లిన దూదిపింజలా తయారయ్యాడు. బాత్‌రూమ్‌లో పెట్టి తలుపు వేసి, "చుట్టాలొస్తరని పిస్తాను మీద పెట్టిన అత్తమ్మా" అని కిందికి వచ్చేశాను.

ఆడవాళ్లు వచ్చారు. జంపఖానా మీద వరసగా కూర్చున్నారు. ముందు ఎదురింటి సుశీల పెద్దమ్మ ఒక పాదంతో ఇంకో పాదం రుద్దుకుంది. పక్కావిడ నవ్వుతూనే పిక్క గోక్కుంది. మూలనున్నావిడ మంగళహారతి పాడుతూ తాళం తప్పకుండా గోక్కుంటోంది. నేను శనగలు పంచుతూ, "దోమలు పెద్దమ్మా, మస్తు దోమలు" అన్నాను.

"పట్టపగలా?" అంది సుశీల పెద్దమ్మ.

అత్తమ్మ సాయం చేస్తుందేమోనని చూస్తే ఆమె లేదు. తమలపాకులు తెస్తానని మిద్దె మీదికి పోయిందట. మిద్దె మీద తమలపాకులేమిటని అనుకునేలోపే పైన తలుపు చప్పుడు, అత్తమ్మ కేక, బకెట్ దొర్లిన మోత. పచ్చటి జంతువొకటి మెట్ల మీద నుంచి దూసుకొచ్చి, జంపఖానా నడిమధ్యన నిలబడి, ముక్కు నుంచి తోక దాకా ఒక్కసారి దులుపుకుంది.

పట్టుచీరలన్నిటికీ కొత్త బుటాలు పడ్డాయి.

వాడి వెనకే అత్తమ్మ దిగింది. కొంగు నడుముకు దోపి, ఒక చేతిలో మగ్గు, ఇంకో చేతిలో కుంకుడు రసం గిన్నె.

"అత్తమ్మా, గా గిన్నె ఏంది?"

"నా గిన్నె సంగతి తర్వాత. వీనికి పసుపు పూసిందెవరు?"

"నేనే. రోజూ పొద్దున వేపాకు తానం... వీనికి పిస్సులు..."

"రోజూనా!" అత్తమ్మ మెట్టు మీదే కూలబడింది. "రోజూ మాపటికి నేను చేపిస్తున్న గదనే! పాపం, గింతంత పానానికి పూటకొక తానమా?"

"మీరెందుకు చేపిస్తున్నరు? పురుగు కనపడితే పంపిస్తనన్నరు కదా."

అత్తమ్మ గొంతు తగ్గించింది. "నువ్వు లేనప్పుడు నేనే వీన్ని కొట్టం కాడికి తీస్కపోతుంటి. ఒక్కదాన్ని పొయ్యే బదులు తోడుంటడని. ఆడనే పట్టినయేమో ఈ పురుగులు. నీకు తెలిస్తే, అత్తగారింట్ల నా కుక్క ఖరాబైందని మీ అమ్మగారింట్ల ఇడిచి వస్తవేమోనని చెప్పలే బిడ్డా."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వెళ్లి ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాను. ఎంత సేపు అలా కూర్చునేవాళ్లమో గానీ సుశీల పెద్దమ్మ ఊరుకోలేదు.

"మీ ప్రేమలు తర్వాత చూస్కోండ్రి. ముందుగాల నా కాలు మీద ఎగురుతున్నదేందో జర చూడుండ్రి!"

ఆ సాయంత్రమే పిస్తాను పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన వాడి జుట్టు విడదీసి చూసి, "స్నానాలు ఎక్కువై చర్మం ఎండిపోయింది. ఎక్కడ పడుకుంటాడు?" అని అడిగారు.

"వరండాలో, గోనెసంచి మీద" అన్నాను. ఆయన అలాగే చూస్తూ ఉండేసరికి, "రాత్రి మా మంచం మీద" అని ఒప్పుకున్నాను.

"పగటీలి నా పరుపు మీద" అంది అత్తమ్మ.

మామ దగ్గాడు. "పొద్దున పేపర్ చదివేటప్పుడు నా ఒళ్ల. కుర్చీల మెత్త మీద."

"అయితే పిస్సులు కుక్కకే కాదు, మీ ఇంటికి పట్టాయి" అన్నారు డాక్టర్. మెడ మీద వేసే చుక్కల మందు ఇచ్చారు. దుప్పట్లు, జంపఖానాలు వేడినీళ్లలో ఉతకాలని, పరుపులు ఎండలో వేయాలని, పురుగు గుడ్లు పెట్టే మూలలన్నీ వదలకుండా ఊడ్వాలని చెప్పారు. మర్నాడు ఇల్లంతా మిద్దె మీదికి ఎక్కింది. అత్తమ్మా నేనూ ఉతికాం, మామ ఊడ్చాడు. నీళ్లు మోసే పని, దుకాణంలో ఉన్న బకెట్లన్నీ తెప్పించి మరీ, బకెట్ వైద్యుడికే అప్పగించాం. కొన్ని వారాలు అదే వరస సాగాక పిస్సులు పోయాయి.

మా ఇంట్లోంచి పోయాయి. తర్వాత సుశీల పెద్దమ్మ కొంగు చాటుగా వచ్చి, "గా డాక్టర్ ఎక్కడ ఉంటడే? మా చెల్లెలోళ్ల కుక్కకట" అంది. ఆమె వెళ్లగానే పక్కింటావిడ వచ్చింది, ఆమె మరిదిగారి కుక్కకట. హారతి పాడినావిడకైతే కుక్క ఎవరిదో కూడా గుర్తు రాలేదు. మా పిస్తా తప్ప వేరే కుక్క లేని గల్లీలో ఇన్ని కుక్కలకు ఒకేసారి జబ్బు చేయడం అప్పుడే చూశాను.

అప్పుడు అత్తమ్మా నేనూ ఒక ఒట్టు వేసుకోవాలని నిర్ణయించుకున్నాం: ఇకమీదట ఈ ఇంట్లో ఎగిరేది, పాకేది, కుట్టేది ఏది కనబడినా ముందు ఒకరికొకరు చెప్పుకోవాలి, ఆ తర్వాతే బకెట్ ముట్టుకోవాలి. ఒట్టుకు బలముండాలని ఇద్దరం ఒకేసారి పిస్తా తల మీద చెయ్యి పెట్టబోయాం. రెండు చేతులు కలిసి తన మీదికి రావడం చూసి వాడు వీధి గుమ్మం దాటి పరుగో పరుగు.

మా ఒట్టు గాలిలోనే పడింది. అయినా చెల్లుతుందని అత్తమ్మ తీర్పు చెప్పింది.