కళ్లెం లాగిన పిట్ట

జాకీలందరిలోకీ చిన్న మనిషి కావడంతో ఆమెను పిట్ట అంటారు. కొరడా చేతిలో ఉంటుంది గానీ, దాంతో కొట్టగా చూసినవాళ్లు లేరు. మెడ నిమిరి "పదరా నాయనా" అంటే చాలు, గుర్రం ఉరుకుతుంది. ఆ రోజు పందెంలో అందరికంటే ముందుండగా, మలుపులో గుర్రం ముందరి కాలు సరిగ్గా ఆనడంలేదని ఆమెకు తెలిసిపోయింది. వెంటనే కళ్లెం బిగబట్టి, ఆపి, కిందికి దూకింది. జనం తిట్టిపోశారు. యజమాని ఆయాసపడుతూ వచ్చాడు.

"గెలిచే పందెం చేజేతులా పాడుచేశావు కదమ్మా!"

"కాలు విరిగితే దీన్ని చంపేస్తారు సార్. అది తెలిసీ ఎలా తోలను?"

"ఇక నా గుర్రాలెక్కకు!"

"సరే సార్," అని పిట్ట, కుంటుతున్న గుర్రం పక్కనే మెల్లగా నడిచి, దాన్ని డాక్టరుకి అప్పగించింది. ఎముకలో సన్నటి చీలిక బయటపడింది. గుర్రం బతికింది. యజమాని మళ్లీ పిలవలేదు, ఆమె అడగలేదు.