పై రెండు పలకలు

జపాన్‌లోని యమగతా కొండల్లో ఉంది మా ఊరు. నవంబరు వచ్చిందంటే ఏ పెరట్లో చూసినా నిచ్చెనలే. కప్పు మీంచి జారిపడే మంచుకు అద్దాలు పగలకుండా కిటికీలకు చెక్క పలకలు తాళ్లతో కట్టి బిగించాలి. కొమ్మలు విరగకుండా చెట్లను గడ్డితాళ్లతో గుంజలకు కట్టాలి. మగదిక్కు లేని ఇళ్లలో ఈ పనంతా షిగెహారు బాబాయి చేసిపెట్టేవాడు, నలభై ఏళ్లుగా. ఆయన కట్టిన చెట్టుకు కొమ్మ విరగదని ఎవరైనా అంటే, "ఆఁ, ఏముందిలే" అనేవాడు గానీ ఆ రోజంతా ముఖం వెలిగిపోయేది.

డెబ్బై ఒకటో ఏట నిచ్చెనెక్కితే ఆయనకు కళ్లు తిరగడం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడు, ఒంటరిగా ఉండే ఫుమియే పెద్దమ్మ వంటింటి కిటికీకి ఎనిమిది పలకల్లో ఆరు నేలమీద నిలబడే బిగించాడు. పై రెంటి కోసం నిచ్చెన నాలుగు మెట్లెక్కాడో లేదో, నేల గిర్రున తిరిగింది. దిగిపోయి ఆ రెండూ కొట్టంలో గోడకు ఆనించాడు.

"అయిపోయిందా షిగెహారూ?" అని లోపలినుంచి కేకేసింది పెద్దమ్మ.

"అయిపోయిందక్కా."

మర్నాడు ఎవరినైనా తెచ్చి పెట్టిద్దామనుకున్నాడట. అడగడానికి నోరు రాలేదు.

జనవరిలో కప్పు మీది మంచు ఒక్కసారిగా జారి ఆ కిటికీ పైభాగాన్ని పగలగొట్టింది. గిన్నెలు కడుగుతున్న పెద్దమ్మ చెయ్యి తెగి ఏడు కుట్లు పడ్డాయి. కూతురు చిహోకో సెందాయి నగరం నుంచి పరుగెత్తుకొచ్చింది. మేమంతా గాజుపెంకులు ఏరుతున్నాం.

"పై పలకలు ఎందుకు పెట్టలేదు బాబాయ్?" అని అడిగింది చిహోకో.

"వెలుతురు రావాలి, వద్దని... మీ అమ్మే అంది."

"వెలుతురు కావాలంటే దీపం వేసుకో పెద్దమ్మా, మరీ ఇంత పీనాసితనమా!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

పెద్దమ్మ కట్టు కట్టిన చేతివంక చూసుకుంది. "నేనన్నానా? అనే ఉంటాలే. ఈమధ్య ఏదీ గుర్తుండి చావట్లేదు."

బాబాయి చెవులు ఎర్రగా కందిపోయాయి. చలికి అనుకున్నాను.

ఆ తర్వాత ఆయన, సాయంత్రాలు ఊరంతా చేరే వేడినీళ్ల స్నానశాలకు రావడం మానేశాడు. రోజూ పొద్దున్నే పెద్దమ్మ గుమ్మం ముందు మంచు తోసేవాడు. ఆవిడ నలుగురిలో మెచ్చుకుంటే తలెత్తేవాడు కాదు. ఆవిడ నాచేత పంపిన ఊరగాయ జాడీ మూత కూడా తీయలేదు.

మార్చిలో ఒకరోజు మాటల మధ్య చెప్పాను: "పలకలు వద్దన్న సంగతే గుర్తులేదంటే పెద్దమ్మకు మతిమరుపు ముదిరిపోయిందని, ఇల్లు మూసేసి సెందాయి తీసుకెళ్లిపోతుందట చిహోకో."

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. జరిగిందంతా నాకు చెప్పేశాడు. "నువ్వూ రామ్మా. ఒక్కణ్ణే వెళ్తే మళ్లీ నోరు పెగలదు," అన్నాడు.

పెద్దమ్మ గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చుని, నుదురు నేలకానించి చెప్పాడు. నిచ్చెన సంగతీ చెప్పాడు, అబద్ధం సంగతీ చెప్పాడు. ఆవిడ చేతిమీది కుట్ల మచ్చ తడుముకుంది.

"చెయ్యి మానిపోయిందిలే, దాని సంగతి వదిలెయ్. రెండు నెలలుగా రోజూ లేవగానే నా పేరు, మా ఆయన పోయిన తేదీ, మనవల పేర్లు నాలో నేనే అప్పజెప్పుకుంటున్నాను తెలుసా? ఇవాళ ఏది మర్చిపోయానో అని!"

బాబాయి నుదురు నేల మీంచి లేవలేదు.

"లే. ఆ ఫోన్ తీసి నా కూతురికి నీ నోటితోనే చెప్పు."

చెప్పాడు. చిహోకో తిట్టలేదు. "అలాగా," అని పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేదని దారిలో నాతో అన్నాడు.

ఇల్లు మూయడం ఆగిపోయింది. ఆ నవంబరులో పెద్దమ్మ పలకలు బిగించడానికి నన్ను పిలిచింది. బాబాయి పిలవకుండానే వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. "ఇంకాస్త ఎడమకి... ముడి అలా కాదమ్మా, రెండు చుట్లు తిప్పు," అని కిందనుంచి చెబుతూనే ఉన్నాడు. పనయ్యాక పెద్దమ్మ ఒకే కప్పు టీ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆయన అటు తిరిగి తాడు చుట్టుకుంటూ నిలబడ్డాడు.

ఇది జరిగి మూడేళ్లు. ఆవిడ ఇంకా ఆయన్ని లోపలికి పిలవలేదు. ఆయన ఏటా వచ్చి నిచ్చెన పట్టుకుంటున్నాడు.